నష్టం రాసిన్రు, గోస రాయలే

రాళ్ళవాన పడ్డ మర్నాడు పొద్దున్నే మా బాపమ్మ నన్ను పొలం కాడికి తీసుకుపోయింది. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. మా ఊరు పరకాల దగ్గర. యాసంగి వరి, ఇంకో పది రోజులైతే కోతకొచ్చేది. గట్టు మీద నిలబడి చూస్తే పైరుకు పెద్దగా ఏమీ కాలేదనిపించింది. మడిలో దిగి చూస్తేగాని తెలియలేదు, కంకులకు గింజ లేదని. గింజంతా రాలి బురదలో పడి ఉంది. బాపమ్మ వంగి ఒక కంకిని రెండు వేళ్ళ నడుమ పట్టుకొని కింది నుంచి మీదికి దూసింది. అరచేతిలోకి నాలుగు గింజలు వచ్చాయి. వాటిని కొంగు చివర ముడేసుకుంది. ఎందుకు ముడేసుకుందో నేను అడగలేదు.

ఆ సాయంత్రం దరఖాస్తు రాయడానికి కూర్చున్నాను. బళ్ళో నేర్పిన పద్ధతిలో పైన తేదీ, ఊరి పేరు, "విషయం: రాళ్ళవాన వల్ల జరిగిన పంట నష్టం గురించి" అని రాసి, కింద సర్వే నంబరు, ఎకరం పది గుంటలు, వరి అని వివరాలన్నీ పెట్టాను. బాపమ్మ చదివి వినిపించమంది. వినిపించాను. మొత్తం విన్నాక అడిగింది:

"మా గోస యాడ రాసినవ్ కొడుకా?"

"నష్టం అని రాసిన గద బాపమ్మా."

"నష్టం వాళ్ళే వచ్చి ఎకరాల లెక్కన రాసుకపోతరు. నువ్వు గోస రాయి."

చివర ఒక వాక్యం కలిపాను, "మా గోసను ఆలకించి ఆదుకోగలరు" అని. తెల్లారి ఇద్దరం ఆఫీసుకు పోయాం. కాగితం తీసుకున్నాయన పై నుంచి కిందికి చూసి, ఆ మాట దగ్గర ఆగి, బాల్ పెన్నుతో దాన్ని కొట్టేశాడు. ఒక్కసారి కాదు, రెండు గీతలు. "గోస ఏంది? ఇట్ల రాస్తే పైకి పోతదా? ఇబ్బంది అని రాసుకొని రా" అన్నాడు. కోపంగా ఏమీ అనలేదు, నా మంచికే చెబుతున్నట్టు అన్నాడు. నేను బయట మెట్ల మీద కూర్చుని ఇంకో తెల్లకాగితం మీద మొత్తం మళ్ళీ రాశాను. బస్సులో వస్తుంటే బాపమ్మ అడిగింది, "రాసినవా గోస?" అని. రాసిన అన్నాను.

బాపమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆమెతో ఆడిన ఆ అబద్ధం మాత్రం నాతోనే ఉంది. అప్పటినుంచి ఆ మాట వెనకాల తిరుగుతున్నాను. గోస అంటే ఏంది, అది ఎక్కడి నుంచి వచ్చింది, దాని చోట ఇంకో మాట పెడితే ఏం పోతుంది అని.

ఎవరిని అడిగినా గోస అంటే బాధ అనే చెబుతారు. వేరే ప్రాంతం మిత్రులకు నేనూ చాలా కాలం అట్లాగే చెప్పాను. ఇప్పుడు ఒప్పుకోను. చిన్న పరీక్ష చాలు. "అతను లోలోపల బాధపడ్డాడు" అంటే ఎవరికైనా అర్థమవుతుంది. "లోలోపల గోసపడ్డాడు" అని మా దిక్కు ఎవ్వరూ అనరు. బాధను దాచుకోవచ్చు, దిగమింగవచ్చు, నవ్వు కింద పెట్టుకోవచ్చు. గోసను దాచుకోవడం కుదరదు. అది బయటికి వచ్చిన కష్టం. ఒకరికి కనబడాలి, ఒకరికి వినబడాలి, లేకపోతే అది గోస కాదు.

ఈ మాట ఏయే క్రియలతో కలుస్తుందో చూసినా అదే తెలుస్తుంది. గోస పడుతరు, గోస పెడుతరు, గోస చెప్పుకుంటరు, గోస వింటరు. పక్కింటామె మంచాన పడితే "దాని గోస చూడలేకపోతున్న" అంటరు. ఎవరినైనా అన్యాయంగా ఏడిపిస్తే "వాళ్ళ గోస తగుల్తది" అంటరు. ఈ చివరి వాడుక నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది. బాధ ఎవరికీ తగలదు. కష్టం తగలదు. గోస తగులుతుంది, ఉసురు తగిలినట్టు. ఉసురంటే ఊపిరి, ప్రాణం. ఒకరి నోట్లోంచి బయల్దేరిన ఊపిరి ఇంకొకరి ఇంటి దాకా పోయి తగులుతుందని మనవాళ్ళు నమ్మారు, గోస విషయంలోనూ అట్లే నమ్మారు. మా ఊళ్ళో కోడలిని గోసపెట్టిన ఇంటి గురించి మాట్లాడేటప్పుడు పెద్దమనుషులు గొంతు తగ్గించేవారు. ఆ ఇంట్లో పదేళ్ళ తర్వాత ఎద్దు చచ్చిపోయినా ఆ కోడలి మాటే గుర్తు చేసుకునేవారు. ఎద్దు చావుకూ కోడలి ఏడుపుకూ సంబంధం ఉందని నేను అనను. ఏడుపు ఊరికే పోదనే నమ్మకం ఆ మాటలోనే ఉందని మాత్రం అంటాను.

మూలం చూస్తే ఇది సంస్కృత "ఘోష". ఘోష అంటే చప్పుడు, గట్టిగా అరవడం, చాటడం. దోషం దోసమైనట్టు, వేషం వేసమైనట్టు, రోషం రోసమైనట్టు, ఘోష గోస అయింది. ఒత్తు పోయింది, ష స అయింది. ఆ రెండింటి దారులు తర్వాత వేరయ్యాయి. ఒత్తున్న ఘోష పెద్ద పెద్ద చోట్లకు పోయింది. సముద్ర ఘోష, వేదఘోష, జయఘోష. ఒత్తు లేని గోస మన ఇళ్ళల్లోకి వచ్చి, మంచాన పడ్డవాళ్ళ దగ్గర, నీళ్ళులేని బావుల దగ్గర, పింఛను రాని ముసలివాళ్ళ దగ్గర ఉండిపోయింది. చప్పుడు అనే అర్థం నుంచి చప్పుడు చేయించే కష్టం అనే అర్థానికి జరిగింది.

వ్యాకరణంలో కూడా ఘోష అనే మాట ఉంది. పలికేటప్పుడు గొంతులో నాదం పుట్టే అక్షరాలను ఘోషాలంటారు. గొంతు మీద రెండు వేళ్ళు పెట్టుకొని క, చ, త అని మెల్లగా పలకండి, తర్వాత గ, జ, ద అనండి. రెండో వరసలో అక్షరం మొదలవుతుండగానే వేళ్ళ కింద ఒక అదురు తెలుస్తుంది. ఇప్పుడు "గోస" అనండి. "గో" దగ్గర గొంతు అదురుతుంది, "స" దగ్గర ఆ అదురు ఆగిపోయి ఉత్త గాలి మిగులుతుంది. ఆ మాట అనేటప్పుడు మా బాపమ్మ గొంతు కూడా అంతే. మొదలు బలంగా వచ్చి, చివరికి గాలై పోయేది. భాషాశాస్త్రం దీన్ని రుజువుగా తీసుకోదని నాకు తెలుసు. నాకు రుజువు అక్కర్లేదు, ఆ గొంతు గుర్తుంది.

ఇదే మాట గురించి ఇంకో సంగతి వరంగల్ మండిబజార్‌లో తెలిసింది. మా బాపు బట్టలు కుట్టించుకునే ముసలి దర్జీ ఒకాయన ఉండేవాడు, ఉర్దూ బాగా చదువుకున్నవాడు. డిగ్రీ రోజుల్లో నేను ఆయన దుకాణంలో కూర్చునేవాణ్ణి. ఒకసారి గోస అనే మాట ఎత్తితే కొలత టేపు మెడలో వేసుకొని నవ్వాడు. "మా భాషల గోష్ అంటే చెవి బేటా. ఖర్గోష్ అంటవు గదా, కుందేలు. ఖర్ అంటే గాడిద, గోష్ అంటే చెవి. గాడిద చెవులది" అన్నాడు. చిన్నప్పటినుంచి ఖర్గోష్ అంటూనే ఉన్నాను, ఎన్నడూ ఇప్పి చూడలేదు.

రెండూ ఊరికే కలిసిన మాటలనుకున్నాను. తర్వాత చదివితే తెలిసింది, సంస్కృతంలోని ఘోష, ఫారసీలోని గోష్ అక్కాచెల్లెళ్ళే. సంస్కృతమూ ఫారసీ ఒకే మూలం నుంచి వచ్చిన భాషలు. పాత ఇరానీ భాష అవెస్తాలో ఆ మాట "గవోష" లాంటి రూపంలో ఉంది, చెవి అనే అర్థంతో. ఒకే మాట ఇటు వస్తే అరుపైంది, అటు పోతే చెవైంది. ఫారసీ గోష్ నుంచే మూల అనే అర్థంలో గోషా పుట్టింది. ఆ గోషాలో ఉంచిన ఆడవాళ్ళనే మనం ఘోషా స్త్రీలన్నాం, విశాఖపట్నంలో ఘోషా ఆసుపత్రి ఆ పేరుదే. అది వేరే కథ. నాకు కావలసింది ఆ అరుపూ ఆ చెవీ. అరిచేవాళ్ళూ వినేవాళ్ళూ ఒకప్పుడు ఒకే మాటలో ఉన్నారు. మా బాపమ్మకు అవెస్తా తెలియదు, ఖర్గోష్ అని కూడా అనేది కాదు, కుందేలే అనేది. అయినా గోస రాయమన్నప్పుడు ఆమె అడిగింది ఆ చెవినే.

కష్టానికి చప్పుడు పేరు పెట్టడం మనకు ఈ ఒక్క మాటతో మొదలైంది కాదు. మొర అంటే అరుపే, మొర పెట్టుకొనుడు అంటే కష్టం చెప్పుకొనుడు. శోకం అనే మాట సంస్కృతంలో మండడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. మా ఊళ్ళల్లో ఆ మంట కూడా గొంతులోకి వచ్చేసింది. చావు ఇంట్లో ఆడవాళ్ళు చచ్చిపోయిన మనిషి మంచితనాన్నీ తమతో గడిపిన రోజులనూ రాగం తీసి చెప్పుకుంటూ ఏడుస్తారు. దాన్నే శోకాలు పెట్టుడు అంటారు. శోకం ఒకటి, శోకాలు వేరు. బహువచనం పెట్టగానే అది చెవికి వినబడేదైంది.

దూరాన్ని కూడా అరుపుతోనే కొలిచినవాళ్ళం మనం. కూతవేటు దూరం అంటాం, పిలిస్తే పలికేంత దూరం. వెనకటివాళ్ళు కోసు అనేవారు, సుమారు రెండు మైళ్ళు. ఆ కోసు సంస్కృత "క్రోశం", దానికి మొదటి అర్థం అరుపే. ఎంత దూరం అరుపు పోతే అంత దూరం ఒక క్రోశం. ఆక్రోశంలో ఉన్నదీ అదే. మా ఊరి నుంచి ఆఫీసు ఎన్ని కిలోమీటర్లో టికెట్టు మీద ఉంటుంది, ఎన్ని క్రోశాలో ఆ రోజు తెలిసింది.

బమ్మెర మా దిక్కుదే, ఇప్పటి జనగామ జిల్లా పాలకుర్తి మండలం. అక్కడి పోతన గజేంద్రుడి మొరను రాశాడని అందరికీ తెలుసు. నాకైతే ఆ మొర కన్నా తర్వాత జరిగేది ఎక్కువ ఇష్టం. విన్నవాడు లక్ష్మికి చెప్పకుండా, శంఖచక్రాలు పట్టుకోకుండా, చేతిలో ఉన్న ఆమె కొంగు కూడా వదలకుండా లేచి వస్తాడు. మా ఊళ్ళో ఆ పద్యం రానివాళ్ళకు కూడా ఆ వచ్చిన తీరు తెలుసు. మొర ఉన్నాక వినేవాడి పని ఎట్లా ఉండాలో వాళ్ళ మనసులో ఒక కొలత ఉంది.

ఇక ఆఫీసు మాటల దగ్గరికి వస్తాను, నా అసలు కొట్లాట అక్కడే. గోస పైకి పోదన్నారు. మరి పైకి పోయే మాటలేవి? ఫిర్యాదు. అది ఫారసీ "ఫర్యాద్", అర్థం ఆదుకోమని అరవడం, రోదించడం. పాత కోర్టు తెలుగులో నాలిషు అనే మాట ఉంది, దావా అని. అది ఫారసీ "నాలిష్", అర్థం మూలగడం, ఏడ్వడం. నిజాం కాలంలో మొదట ఫారసీ, తర్వాత ఉర్దూ కచేరీ భాషలుగా ఉండడం వల్ల ఈ మాటలు మన కాగితాల మీద స్థిరపడ్డాయి. అంటే సర్కారు కూడా ఏడుపును ఏడుపనే పేరుతోనే తీసుకుంది. పరాయి భాషలో ఉన్న ఏడుపుకు ముద్ర వేసి, ఫైలులో పెట్టి, నంబరు ఇచ్చింది. మా ముత్తాతల కాలంలో రైతు తన కష్టాన్ని తెలుగులో చెబితే ఎవరో ఉర్దూలో రాసిపెట్టేవారు. రైతుకు తన కాగితంలో ఏముందో తెలిసేది కాదు. 1948 తర్వాత కాగితం మెల్లమెల్లగా మన భాషలోకి వచ్చింది. వచ్చాక కూడా ఒక ముసలామె నోటి మాట దాని మీద నిలవలేదంటే నాకు కడుపు మండుతుంది. ఫిర్యాదు మర్యాద గల మాట, గోస పల్లెటూరి మాట. రెండింటి పుట్టుక చూస్తే తేడా ఎక్కడుంది?

"ఇబ్బంది" గురించి కూడా చెప్పాలి. కుర్చీ చాలకపోతే ఇబ్బంది. చెప్పు కరిస్తే ఇబ్బంది. కరెంటు పది నిమిషాలు పోతే ఇబ్బంది. ఏడాది కష్టం ఒక గంటలో బురదలో కలిసిపోతే దానికీ అదే మాట రాయమన్నారు, నేను రాశాను. ఆ మాటలో ఎవ్వరూ అరవరు కాబట్టి ఎవ్వరూ వినాల్సిన పని లేదు. ఆఫీసుకు అందుకే అది సుఖంగా ఉంటుందని నా అనుమానం. గోస అని రాసి ఉంటే, చదివినవాడు విన్నవాడవుతాడు.

వరంగల్ మనిషి ఈ మాటలు రాస్తూ కాళోజీని తలుచుకోకుండా ఉండలేడు. 1914 సెప్టెంబర్ 9న ఇప్పటి కర్ణాటకలో ఉన్న రట్టిహళ్ళిలో పుట్టినా, పెరిగింది మడికొండలో, బతుకంతా హనుమకొండ, వరంగల్‌లే. ఆయన పుట్టినరోజునే తెలంగాణ భాషా దినోత్సవం చేస్తున్నాం. తన కవిత్వానికి ఆయన పెట్టుకున్న పేరు "నా గొడవ". ఆ పేరును కొట్లాట అనుకునేవాళ్ళు ఉన్నారు. మా దగ్గర గొడవ అంటే కొట్లాట ఒక్కటే కాదు. "నా గొడవ నాది", "ఇంటి గొడవల పడి మర్చిపోయిన" అంటాం. మనసును పట్టి ఉన్న పని, చింత, చెప్పుకోవలసిన సంగతి, అన్నీ గొడవే. గొడవ కూడా చప్పుడు మాటే చూడండి. బడిలో నేర్పే పలుకుల కన్నా జనం పలుకుబడికి విలువ ఇవ్వమని ఆయన జీవితమంతా అడిగాడు. సెప్టెంబర్ 9న ఆయన విగ్రహానికి దండలు వేస్తాం. సెప్టెంబర్ 10న ఏదైనా ఆఫీసుకు పోయి "మా గొడవ" అని దరఖాస్తు మీద రాసి చూడండి.

ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. మూలం తవ్వి అర్థం తేల్చకు, మాటకు ఇవ్వాళ్టి వాడుకే అర్థం అన్నాడు. నిజమే. సంస్కృతంలోనే ఘోషకు గొల్లవాళ్ళ పల్లె అనే అర్థం కూడా ఉంది. భారతంలో దుర్యోధనుడు చేసిన ఘోషయాత్ర ఏడుపుల యాత్ర కాదు, ఆవుల మందలు చూడబోయిన యాత్ర. అలంకార శాస్త్రంలో లక్షణకు, అంటే మాట నేరుగా ఇచ్చే అర్థం పొసగనప్పుడు దాని పక్కనున్న అర్థం తీసుకోవడానికి, ఉదాహరణగా చెప్పే "గంగాయాం ఘోషః" అంటే గంగ ఒడ్డున పల్లె ఉందని. మూలమే అర్థమైతే మా బాపమ్మ నన్ను పశువుల కొట్టం రాయమన్నట్టు అవుతుంది. కాబట్టి నేను మూలం మీద కేసు నిలబెట్టడం లేదు. గోస వినబడేది అని నాకు చెప్పింది వాడుకే. దాచుకోలేకపోవడం, తగలడం, చెప్పుకోవడం, వినడం, ఇవన్నీ ఇవ్వాళ్టికీ ఉన్నాయి. మూలం వాటికి వెలుగు చూపించిందంతే.

వాడుక మారుతున్నది కూడా. టీవీ స్క్రోలింగులో రోజూ గోస కనబడుతుంది. బస్సులు లేక ప్రయాణికుల గోస, టోకెన్లు దొరక్క భక్తుల గోస. అది చాలకపోతే అరిగోస, కొన్నిసార్లు హరిగోస. ఒకప్పుడు పేపర్లో రాని మాట హెడ్డింగులోకి ఎక్కిందని మొదట్లో సంబరపడ్డాను. ఇప్పుడు భయమేస్తున్నది. బస్సు కోసం రెండు గంటలు నిలబడితే అవి తిప్పలు. తిప్పుకుంటే వచ్చేవి తిప్పలు, పడితే వచ్చేవి పాట్లు. వాటికి ఆ మంచి మాటలు ఉండనే ఉన్నాయి. వినవలసినవాళ్ళు ఎదురుగా ఉండి కూడా వినకపోతే అది గోస. డయాలిసిస్ కోసం వారానికి మూడు సార్లు వరంగల్‌కు వచ్చే ముసలాయన కొడుకులు ఫోన్ ఎత్తకపోతే అది గోస. రెండింటికీ ఒకే మాట వాడితే, చివరికి గోస కూడా ఇబ్బంది అయిపోతుంది. ఆఫీసులో కొట్టేయడం ఒక రకం చావు, స్క్రోలింగులో అరిగిపోవడం ఇంకో రకం.

పోయిన చలికాలం మా వాడకట్టులో ఒకామె వచ్చింది. భర్త చనిపోయి ఏడాది దాటింది, పింఛను మంజూరు కాలేదు. "తమ్మీ, జర ఒక కాగితం రాసియ్యి" అంది. ఆమె చెబుతూ పోయింది, నేను రాస్తూ పోయాను. ఎన్నిసార్లు తిరిగిందో, ఏ కిటికీ దగ్గర ఎవరు ఏమన్నారో, ఏ రోజు కూలి పోగొట్టుకుందో అన్నీ చెప్పింది. చివర నేను ఆమెను అడగకుండానే "దయచేసి నా గోస వినగలరు" అని రాసి, చదివి వినిపించాను. ఆమె తల ఊపింది. ఆ మాట అక్కడ ఉండడం ఆమెకు వింతగా అనిపించలేదు.

టైపు చేయించడానికి హనుమకొండ బస్టాండు దగ్గర జిరాక్స్ షాపుకు పోయాం. కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లవాడికి ఇరవై ఏళ్ళుంటాయి. చకచకా కొట్టి ప్రింటు తీసి ఇచ్చాడు. చివరి వరసలో "నా ఘోష వినగలరు" అని ఉంది.

"తమ్ముడూ, ఇది గోస. ఒత్తు తీసెయ్యి, ష కాదు, స" అన్నాను.

"అన్నా, తప్పయితది గదా?"

"కాదు. మీ ఇంట్ల ఏమంటరు?"

స్క్రీన్ వైపు చూస్తూ ఒక్క క్షణం ఆగాడు. "మా అమ్మమ్మ గోస అనే అంటది" అన్నాడు. వెనక్కి పోయి ఘ తీసి గ పెట్టాడు, ష తీసి స పెట్టాడు. మళ్ళీ ప్రింటు తీశాడు. ఇంకో పది రూపాయలు ఇవ్వబోతే వద్దన్నాడు. ఆమె కాగితం చేతిలోకి తీసుకొని, ఇంకా వెచ్చగా ఉన్న ఆ షీటును నాలుగు మడతలు పెట్టి, కొంగు చివర ముడేసుకుంది.